దర్బార్ హాల్లో డిగ్రీ క్లాసులు

నేను బీటెక్‌లో చదివింది సివిల్, చేస్తున్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ నాలుగేళ్లలో సిమెంటు మీద ఎన్ని లెక్కలు చేశామో గానీ, డంగు సున్నం గురించి ఒక్క క్లాసూ వినలేదు. దాని సంగతి తెలిసింది హైదరాబాద్ కోఠీ ఉమెన్స్ కాలేజీలోని పాత రెసిడెన్సీ భవనం గురించి చదివాకే. మా అమ్మ డిగ్రీ చేసింది ఆ కాలేజీలోనే. మా ఇంట్లో ఆ భవనాన్ని రెసిడెన్సీ అనరు, దర్బార్ హాల్ అనే అంటారు.

ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు కిర్క్‌ప్యాట్రిక్ 1803 ప్రాంతంలో మొదలుపెట్టించిన భవంతి ఇది. హైదరాబాద్ అమ్మాయి ఖైరున్నీసాని పెళ్లాడింది ఈయనే. దీని మీద ఓ కథ చెబుతారు. ప్లానుని పెద్ద కాగితం మీద గీసి చూపిస్తే నిజాం కాదన్నాడట. అదే ప్లానుని చిన్న కార్డు మీద గీసిస్తే సరేనన్నాడట! ముందువైపు ఎత్తయిన స్తంభాలు, మెట్లకి అటూ ఇటూ సింహాలు... చూసినవాడికి కంపెనీ అంటే భయం పుట్టాలనే ఆ ఆర్భాటమంతా.

కానీ జనం భయపడలేదు. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల వెంట నడిచి దీని మీదికే దండెత్తారు. 1947లో తెల్లవాళ్లు వెళ్లిపోయారు. 1949లో ఆడపిల్లల కాలేజీ ఇందులోకి వచ్చింది. రాజ్యాలతో బేరాలు నడిచిన చోట బెంచీలు, బ్లాక్‌బోర్డులు వెలిశాయి. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చే మలుపు ఇదే.

తర్వాత వానలు, చెదలు వాటి పని అవి చేసుకుపోయాయి. క్లాసులు పక్క భవనాల్లోకి మారాయి. ప్రమాదంలో ఉన్న కట్టడాలంటూ వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ప్రకటించిన 2002 జాబితాలో దీని పేరూ చేరింది. పూర్తిగా బాగుచేసేసరికి దాదాపు 20 ఏళ్లు పట్టింది.

అన్నేళ్లెందుకు, పగుళ్లకి సిమెంటు పూస్తే పోదా అని మీకు అనిపించొచ్చు. ఆ పనే చేయకూడదు. పాత గోడలు సున్నంతో కట్టినవి. వాటిలో చేరిన తడి సన్నని రంధ్రాల్లోంచి మెల్లగా బయటికి పోతుంది. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. లోపలి తడికి ఉప్పు తేలి ఇటుక పొడిపొడిగా రాలుతుంది. అందుకే పాత కట్టడాలకి మళ్లీ సున్నమే కావాలి. మన మేస్త్రీలు అందులో కరక్కాయ నీళ్లు, బెల్లం కూడా కలిపేవారు. అది గాలి పీల్చుకుంటూ నిదానంగా గట్టిపడుతుంది. తొందరపెడితే కుదరదు. ఈ పని చేతికి పట్టుబడిన మేస్త్రీలు ఇప్పుడు తక్కువ.

అయితే గోడలు బాగుపడితే సగం పనే అయినట్టు. మా సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే, ఎవరూ వాడని ప్రోగ్రామ్‌ని ఎవరూ సరిచేయరు. వాడేవాళ్లు ఉండి, ఇక్కడ పనిచేయట్లేదని మొత్తుకుంటేనే దానికి ఆయుష్షు. తాళం వేసిన ఇల్లూ అంతే. చూరు కారినా చెప్పేవాడుండడు. నగరంలో ఎన్ని దేవిడీలు అలా కూలి అపార్ట్‌మెంట్లు అయిపోలేదు! ఈ భవంతి ఇన్నాళ్లు నిలిచిందంటే, చుట్టూ రోజూ వేలమంది అమ్మాయిలు తిరుగుతుండటం కూడా ఒక కారణమేనని నా నమ్మకం.

ఇప్పుడా కాలేజీ చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయం అయింది. దర్బార్ హాలుని తాడు కట్టి దూరం నుంచి చూపించే బొమ్మ చేయొద్దని నా కోరిక. ఓ మూల చదువుకునే గది, అప్పుడప్పుడూ ఓ సాహిత్య సభ, అమ్మాయిలు వేసిన బొమ్మల ప్రదర్శన... గోడకి మేకు కొట్టకుండానే ఇవన్నీ జరపొచ్చు.

మీ ఊళ్లోనూ ఓ పాత గడీనో, జమీందారు బంగళానో ఉండే ఉంటుంది. దానికి రంగులేయించే ముందు, అందులోకి రోజూ ఎవరొస్తారో ఆలోచించండి. లైబ్రరీ పెడతారో, కుట్టు శిక్షణ పెడతారో మీ ఇష్టం. రోజూ తలుపు తీసేవాళ్లుంటే చాలు, ఆ గోడల బాగోగులు వాళ్లే చూసుకుంటారు.