ఒకే చోటి నుంచి రెండు ఫొటోలు

ఎవరెస్ట్‌కి ఉత్తరాన, టిబెట్‌లో రోంగ్‌బుక్ హిమానీనదం ఉంది. 1921లో జార్జ్ మాలరీ దాన్ని ఫొటో తీశారు. 2007లో అమెరికన్ డాక్యుమెంటరీ దర్శకుడు డేవిడ్ బ్రెషీర్స్ కెమెరాతో అక్కడికే వెళ్లారు.

పాత చోటు దొరికేదెలా? కొండలు కదలవు కదా! పాత ఫొటోలో ఉన్నట్టే ముందు గుట్ట, వెనక శిఖరం ఒకే వరుసలోకి వచ్చేదాకా అటూ ఇటూ జరగాలి. అప్పుడు రెండు ఫొటోల్లో తేడా మంచులోనే కనిపిస్తుంది. మంచు సుమారు 100 మీటర్లు దిగిపోయింది!

పొయ్యి మీద మరిగే నీళ్లలాగా మట్టం నెమ్మదిగా తగ్గుతుంది. ఒక్కసారి చూసి వచ్చినవాళ్లకు అది తెలియదు. రోంగ్‌బుక్‌లో కరిగిన నీరు అరుణ్, కోసి నదుల మీదుగా గంగలో కలుస్తుంది. అందుకే పిల్లలకు ఆ రెండు ఫొటోలూ పక్కపక్కనే పెట్టి చూపించండి.