వైఫై సంకేతపదం – ఫోనులో దాగిన తాళపుచెవి

ఒకనాడు గృహానికి కావలసిన వసతులేవని అడిగితే గాలి, వెలుతురు, నీరు, దీపం అని చెప్పేవారు. నేడు ఆ వరుసలో అంతర్జాలం కూడా చేరినది. జగిత్యాలలో ‘దోస్త్’ ద్వారా డిగ్రీ ప్రవేశానికి దరఖాస్తు చేసుకొనే విద్యార్థినికీ, కోరుట్లలో ఉండి గల్ఫు దేశానికి పోయిన కుమారుని ముఖాన్ని ఫోను తెరమీద చూసుకొనే తల్లికీ, సిరిసిల్లలో సాంచాలకు ఎక్కవలసిన గుడ్డ నమూనాను ఫోనులోనే తెప్పించుకొనే ఆసామికీ అది నిత్యావసరమైనది. ఇంటి గోడకు బిగించిన చిన్న పెట్టె నుండి తీగ లేకుండానే అంతర్జాలాన్ని ఫోనుకు అందించే పద్ధతికి వైఫై అని పేరు. ఆ వైఫైకి వేసిన తాళమే సంకేతపదం. జనవ్యవహారంలో దానిని పాస్‌వర్డు అంటున్నాము.

ఈ తాళపుచెవి విషయంలో ఒక వింత కలదు. ఒకసారి ఫోనులో సంకేతపదాన్ని నమోదు చేసిన పిమ్మట దానితో మనకు పని ఉండదు. ఫోనే దానిని జ్ఞాపకం ఉంచుకొని, ఇంటి గడప తొక్కగానే తనంతట తానే కలుపుకొంటుంది. యంత్రం జ్ఞాపకం పెట్టుకొన్నది గనుక మనిషి మరచిపోతాడు. ఇంటికి కొత్త ఫోను వచ్చిన నాడు ఇంటిల్లిపాదీ ఒకరి ముఖం ఒకరు చూసుకొనే పరిస్థితి ఏర్పడుతుంది. పాత ఫోన్లన్నిటిలోనూ పనిచేస్తున్న సంకేతపదం ఒక్కరి నోటికీ రాదు. అది ఫోనులో ఎక్కడ ఉన్నది, దానిని ఎట్లా చూడవచ్చును, చూడగలిగిన వారి బాధ్యత యేమి అనే మూడు విషయాలను ఈ వ్యాసంలో వివరింపదలచినాము.

తాళం ఎందుకు?

తీగ ద్వారా వచ్చే సమాచారం తీగలోనే ఉంటుంది. వైఫై రేడియో తరంగాల మీద నడుస్తుంది. తరంగాలకు గోడ అడ్డు కాదు. మన ఇంటి తరంగం పొరుగింటి వరండాలోనికీ, వీధిలోనికీ ప్రసరిస్తుంది. అందుచేత ఎవరు పడితే వారు కలుపుకొనకుండా, ఆకాశమార్గాన పోయే మాటలను ఆలకింపకుండా, సమాచారాన్ని గూఢలిపిలోనికి మార్చి పంపవలసి వచ్చినది. ఈ గూఢలిపికి మూలమే సంకేతపదం.

వైఫైకి ఆధారమైన 802.11 ప్రమాణం 1997లో వెలువడినది. వైఫై అనే పేరు 1999లో వాడుకలోనికి వచ్చినది. మొదట అమర్చిన డబ్ల్యూఈపీ అనే రక్షణ పద్ధతి బలహీనమైనదని 2001 నాటికే పరిశోధకులు రుజువు చేసినారు. దాని స్థానంలో 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2 వచ్చినవి. 2018లో డబ్ల్యూపీఏ3 ప్రకటింపబడినది. నేటికీ అనేక గృహాలలో ఉన్నది డబ్ల్యూపీఏ2 పద్ధతియే. అందులో సంకేతపదానికి కనీసం 8, గరిష్ఠంగా 63 అక్షరాలు ఉండవలెను.

ఇక్కడ గమనింపదగిన విషయం మరొకటి కలదు. ఫోను రూటరుతో కలిసేటప్పుడు సంకేతపదాన్ని గాలిలోనికి యథాతథంగా పంపదు. సంకేతపదాన్నీ, వైఫై పేరునూ కలిపి, 4,096 మారులు ఒక గణితక్రియకు లోను చేసి, ఒక దీర్ఘమైన తాళపుచెవిని తయారు చేస్తుంది. రూటరు కూడా అదే క్రియను చేస్తుంది. ఇరువైపులా తయారైనది ఒక్కటేనా అని పరస్పరం పరీక్షించుకొంటాయి. ఈ పరీక్ష ప్రతి కలయికలోనూ జరుగవలెను గనుక ఫోను మన సంకేతపదాన్ని తనలో భద్రపరచుకొనక తప్పదు. మనం మరచినా అది మరువకపోవుటకు కారణమిదే.

ఎక్కడ దాగి ఉన్నది?

ఫోనులో రెండు విధాలైన భాగాలు ఉంటాయి. ఫోటోలు, పాటలు, పత్రాలు ఉండే భాగం మనకు అందుబాటులోనిది. ఫోనును నడిపించే వ్యవస్థకు మాత్రమే అందుబాటులో ఉండే భాగం మరొకటి. సంకేతపదాలు ఈ రెండవ భాగంలో ఉంటాయి. మనం దించుకొనే సాధారణ యాప్‌లకు అక్కడ ప్రవేశం లేదు. కావున “మీ ఫోనులోని వైఫై పాస్‌వర్డులన్నీ చూపిస్తాము” అని చెప్పుకొనే యాప్‌లను నమ్మి దించుకొనుట వ్యర్థం. పైగా ఫోనులోని ఇతర సమాచారాన్ని అపరిచితుల చేతిలో పెట్టే ప్రమాదం కూడా ఉన్నది. కావలసిన మార్గాన్ని ఫోను తయారుచేసినవారే సెట్టింగ్స్‌లో ఉంచినారు.

చూసే విధానం

ఆండ్రాయిడ్ ఫోన్లలో 2019లో వెలువడిన 10వ వెర్షను నుండి ఈ సదుపాయం కలదు. సెట్టింగ్స్ తెరచి, నెట్‌వర్క్ లేక కనెక్షన్స్ అనే భాగంలో వైఫైని ఎన్నుకొనవలెను. కలిసి ఉన్న వైఫై పేరును గాని, దాని ప్రక్కనున్న చక్రం గుర్తును గాని తాకితే ‘షేర్’ అనేది, లేదా నలుపు తెలుపు గళ్ళ చతురస్రపు గుర్తు కనబడుతుంది. దానిని తాకగానే ఫోను మన వేలిముద్రనో, తెర తాళపు అంకెలనో అడుగుతుంది. అవి సరిపోయిన తరువాత ఒక క్యూఆర్ చిత్రం తెరమీదికి వస్తుంది. పెక్కు ఫోన్లలో చిత్రం క్రిందనే సంకేతపదం అక్షరాలలో ఉంటుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో చిత్రం మాత్రమే వస్తుంది. అట్టి సందర్భంలో కొత్త ఫోను కెమెరాను ఆ చిత్రానికి ఎదురుగా పట్టితే చాలును, సంకేతపదాన్ని టైపు చేయకుండానే రెండవ ఫోను కలిసిపోతుంది.

ఈ గళ్ళ చిత్రంలో మంత్రమేమీ లేదు. 1994లో జపానులోని డెన్సో వేవ్ సంస్థ మోటారు విడిభాగాలను గుర్తించుటకై కల్పించిన లిపి అది. అందులో వైఫై పేరు, రక్షణ పద్ధతి, సంకేతపదం అనే మూడు ముక్కలు ఏ దాపరికమూ లేకుండా వ్రాయబడి ఉంటాయి. అనగా ఆ చిత్రాన్ని ఫోటో తీసుకొన్నవాడు సంకేతపదాన్ని తీసుకొన్నట్లే. దుకాణంలో, పెండ్లి ఇంట్లో దానిని గోడకు అంటించేవారు ఈ సంగతి గ్రహింపవలెను.

ఆపిల్ వారి ఐఫోన్లలో 2022 నాటి ఐఓఎస్ 16 నుండి ఈ వీలు కలిగినది. సెట్టింగ్స్‌లో వైఫైని తెరచి, ప్రస్తుతం కలిసి ఉన్న పేరు ప్రక్కనున్న వలయాకారపు గుర్తును తాకితే ‘పాస్‌వర్డ్’ అనే వరుస కనబడుతుంది. దానిని తాకి, ముఖంతోనో వేలితోనో ధ్రువపరిస్తే చుక్కలు తొలగి అక్షరాలు వస్తాయి. పై భాగంలోని ‘ఎడిట్’ను తాకితే అంతకు ముందు కలిసిన వైఫైల జాబితా అంతా తెరచుకొంటుంది. 2024లో వచ్చిన ఐఓఎస్ 18లో పాస్‌వర్డ్స్ అనే ప్రత్యేక యాప్‌లోనూ వీటిని చూడవచ్చును.

దూరాన ఉన్నవారి ఫోను

మన ప్రాంతానికి మిక్కిలి ఉపకరించే విషయం ఇక్కడనే ఉన్నది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి వేలాదిమంది దుబాయి, దోహా, రియాద్ వంటి నగరాలకు బ్రతుకుదెరువుకై పోయి ఉన్నారు. సెలవు మీద వచ్చిన కుమారుడు వైఫై పెట్టించి, సంకేతపదం తానే నిర్ణయించి, తిరిగి విమానమెక్కిన ఇళ్ళు ఎన్నో కలవు. తరువాత ఇంట్లోని ఫోను పగిలిపోతే తల్లి ఆ సంకేతపదాన్ని ఎవరిని అడుగవలెను?

ఫోను తాను కలిసిన వైఫైని, దాని పరిధి దాటి ఎంత దూరం పోయినా, మనం తొలగించేవరకు జాబితాలో ఉంచుకొంటుంది. కుమారుడు ఇంటినాటి ఫోనునే వాడుతున్నట్లయితే, ఆండ్రాయిడ్‌లో ‘సేవ్డ్ నెట్‌వర్క్స్’ అనే జాబితాలోనూ, ఐఫోనులో పైన చెప్పిన ‘ఎడిట్’ జాబితాలోనూ తన ఇంటి వైఫై పేరును వెదికి సంకేతపదాన్ని చూడవచ్చును. సముద్రాల ఆవల ఉన్న ఆ ఫోనులోనే మన ఇంటి తాళపుచెవి ఉన్నదన్నమాట! దానిని ఫోనులో నోటితో చెప్పి వ్రాయించుట ఉత్తమం. యాభైమంది బంధువులున్న వాట్సాప్ సమూహంలో పెట్టుట తగదు.

ఏ ఫోనూ మిగలనప్పుడు రూటరునే ఆశ్రయింపవలెను. దాని అడుగుభాగాన అంటించిన కాగితం మీద కర్మాగారంలో ఇచ్చిన తొలి సంకేతపదం ఉంటుంది. దానిని ఎవరూ మార్చి ఉండకపోతే అదే పనిచేస్తుంది. తీగతో రూటరుకు కలిపిన కంప్యూటరులో 192.168.1.1 వంటి చిరునామాను తెరచి కొత్త సంకేతపదాన్ని నిర్ణయించుట మరొక మార్గం. సూదితో నొక్కే రీసెట్ మీటను మాత్రం తొందరపడి నొక్కరాదు. సంకేతపదంతోపాటు కంపెనీవారు అమర్చిన వివరాలు కూడా చెరిగిపోయి, అంతర్జాలమే ఆగిపోవచ్చును. ముందుగా ఆ కంపెనీ వారిని సంప్రదించుట మేలు.

తాళం ఎంత గట్టిది?

సంకేతపదాన్ని చూడగలిగిన తరువాత అది ఎంత బలమైనదో కూడా విచారింపవలెను. డబ్ల్యూపీఏ2 పద్ధతిలో, ఫోను రూటరుతో కలిసే క్షణాన జరిగే పరీక్షను దూరం నుండి నమోదు చేసుకొన్న వ్యక్తి, తన కంప్యూటరులో తీరికగా ఊహలు చేస్తూ పోవచ్చును. డబ్ల్యూపీఏ3లో ఈ లోపాన్ని సవరించినారు. సెకనుకు లక్ష ఊహలు చేయుట నేటి యంత్రాలకు కష్టం కాదు. ఆ లెక్కన ఎనిమిది అంకెల సంకేతపదాలు మొత్తం 10 కోట్లు. వాటినన్నిటినీ పరీక్షించుటకు 1,000 సెకన్లు, అనగా పదిహేడు నిమిషాలు చాలును. మన దేశంలో మొబైల్ నంబర్లు 6 నుండి 9 వరకు గల అంకెలతో మొదలవుతాయి గనుక అవి 400 కోట్లకు మించవు. వాటికి సుమారు పదకొండు గంటలు పడుతుంది. పుట్టిన తేదీలైతే నూరు సంవత్సరాలకు 36,525 మాత్రమే. వాటికి ఒక్క సెకను కూడా అక్కరలేదు.

అదే పన్నెండు చిన్న ఇంగ్లీషు అక్షరాలను ఏ అర్థమూ లేకుండా కూర్చినట్లయితే అదే వేగానికి ముప్పై వేల సంవత్సరాలు పడుతుంది. అట్టి అక్షరాలను గుర్తుంచుకొనుట కష్టమనేవారు ఒకదానితో ఒకటి పొత్తు లేని నాలుగైదు తెలుగు లేక ఉర్దూ మాటలను ఇంగ్లీషు అక్షరాలలో వరుసగా వ్రాసుకొనవచ్చును. మగ్గం, చింతకాయ, కిటికీ, ఒంటె అన్నట్లుగా. అచ్చులో వచ్చిన ఈ ఉదాహరణను మాత్రం ఎవరూ వాడరాదని మనవి.

ఇది అమానతు

ఇంతవరకు చెప్పిన విద్యకు రెండు అంచులున్నవి. మన సంకేతపదాన్ని మనం చూడగలిగినట్లే, తెర తాళం తీసిన మన ఫోనును చేతబట్టినవాడు, ఆ తాళపు అంకెలు తెలిసినవాడైతే, ఒక్క నిమిషంలో మన జాబితానంతా చూడగలడు. బాగుచేయుటకు ఇచ్చిన దుకాణంలో అంకెలు చెప్పి రావలసి వస్తే, తిరిగి తీసుకొన్న పిమ్మట వాటిని మార్చుకొనవలెను. పాత ఫోనును అమ్మేముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయుట మరువరాదు.

అంతకంటె ముఖ్యమైన సంగతి వేరొకటి. మన ఫోను జాబితాలో మన ఇంటిది మాత్రమే గాక మిత్రుల ఇళ్ళవీ, బంధువులవీ, దుకాణాలవీ సంకేతపదాలు ఉంటాయి. వారు మనలను నమ్మి ఇచ్చినారు. ఉర్దూలో అమానతు అనే మాట కలదు. నమ్మి అప్పగించిన సొత్తు అని దాని భావం. దానిని మూడవవానికి అందించుట ధర్మం కాదు. చట్టం కూడా ఇట్లే చెప్పుచున్నది. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షను ప్రకారం యజమాని అనుమతి లేకుండా అతని నెట్‌వర్కులో ప్రవేశించుట తప్పు. వంచనతో అట్లు చేసినవారికి 66వ సెక్షను క్రింద మూడు సంవత్సరాల వరకు జైలు, లేదా ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధింపవచ్చును. ఇతరుల పాస్‌వర్డును మోసంతో వాడుకొనుట 66సి సెక్షను క్రింద నేరం.

వినోదానికి పొరుగింటి వైఫై వాడుకొంటే నష్టమేమి అని కొందరు విద్యార్థులు వాదిస్తారు. ఆ వైఫై మీదుగా ఎవరైనా బెదిరింపు సందేశం పంపినా, మోసం చేసినా, విచారణ మొదట వచ్చి నిలిచేది చందాదారుని గుమ్మం వద్దనే. బీడీలు చుట్టి, సాంచాలు నడిపి, నెలనెలా చందా కట్టే ఒక పేద గృహస్థు తాను చేయని పనికి సంజాయిషీ చెప్పుకొనవలసి వస్తుంది. తెలిసినవారికి ఇవ్వక తప్పనప్పుడు, రూటరులో అతిథులకై వేరొక పేరు, వేరొక సంకేతపదం పెట్టే సౌకర్యాన్ని వాడుకొనుట మంచిది.

చివరగా మా సలహా ఒక్కటే. ఇంటి సంకేతపదాన్ని ఒక కాగితం మీద స్పష్టంగా వ్రాసి, రేషను కార్డు, పట్టాదారు పుస్తకం ఉంచే బీరువాలో భద్రపరచండి. గాలిలో నుండి దొంగిలించేవానికి బీరువాలోని కాగితం కనబడదు. ఇంటివారికి మాత్రం అది ఏ ఫోను చెడినా చేతికి అందుతుంది. చదువుకొన్న పిల్లలు తల్లిదండ్రులకు ఫోను కలిపి ఇచ్చి ఊరకుండక, ఎట్లా కలుపవలెనో, ఎక్కడ చూడవలెనో వారి చేతనే ఒకమారు చేయించవలెను. ఇంట్లో ఒక్కరికే తెలిసిన విద్య ఆ ఒక్కరు ఊరు దాటిన నాడు ఎవరికీ అక్కరకు రాదు.