నీటిని నడవనిద్దాం

మన ఇళ్ళలో చాలా చోట్ల బీరువా అడుగున ఒక నీటిరంగుల పెట్టె ఉంటుంది. బడి అవసరానికి కొన్నది. ఏడాది తిరిగేసరికి ఎండి బీటలు వారి ఉంటుంది. మనకు నేర్పిన పద్ధతి ఒక్కటే: ముందు పెన్సిలు గీత, ఆ గీత దాటకుండా లోపల రంగు. దాటితే మార్కులు పోతాయి. పదేళ్ళు నిండకముందే పిల్లలు "నాకు బొమ్మలు రావు" అని తీర్మానించుకోవడంలో ఆ గీతకు పెద్ద వాటా ఉందని మా అభిప్రాయం.

మరో మార్గముంది. అందులో రంగును నడిపించేది కుంచె కన్నా నీరే. ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్ (1775–1851) వెనిస్ నగరానికి 1819, 1833, 1840లలో మూడుసార్లు వెళ్ళాడు. చివరి ప్రయాణం నాటి నీటిరంగులలో కొన్నిచోట్ల భవనాలు లేతమరకలు మాత్రమే. కిటికీలు లెక్కకు అందవు, కానీ నీటిమీది వెలుగు అందుతుంది. యౌవనంలో ఆయన కట్టడాలను కొలతలతో, సూక్ష్మంగా గీసి చేయి తిప్పుకున్నవాడు. వివరాలు చేతకాక వదిలినవి కావు, ఏది అక్కరలేదో తెలిసి వదిలినవి.

నీటిరంగు అంటే రంగుపొడి, దానిని పట్టి ఉంచే తుమ్మజిగురు, నీరు. తెల్లరంగు పని కాగితమే చేస్తుంది కనుక వెలుగు ఉండవలసిన చోటును ముందే వదలాలి. లేత నుండి ముదురుకు సాగాలి. ఖర్చు రంగులమీద తగ్గించి కాగితంమీద పెట్టాలి. మూడు రంగులు, లావుపాటి గుండ్రని కుంచె ఒకటి చాలు. కాగితం మాత్రం చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండాలి. పలుచని కాగితం తడికి ముడతలు పడి నేర్చుకునేవారి ఉత్సాహాన్ని చంపుతుంది. పెద్ద తావును ఎనిమిది ముక్కలు చేసుకుంటే "కాగితం పాడు చేశావు" అనే మాట ఇంట్లో వినబడదు. ఆ మాటకు పిల్లలే కాదు, పెళ్ళి తరువాత కుంచె పక్కన పెట్టిన తల్లులూ జంకుతారు.

మొదట ఆకాశం వేద్దాం. అస్ర్ తరువాత వాలే ఎండ ఇందుకు అనువైనది. కాగితమంతా తడిపి, తడి మెరుస్తుండగానే నీలం తాకించి అట్టను కాస్త వంచితే రంగు దానంతటదే పాకుతుంది. మబ్బు అంచు మెత్తగా వస్తుంది. మెరుపు తగ్గాక చేయి ఆపాలి. అసలు కష్టం ఇక్కడే. సగం ఆరిన చోట నీరు నిండిన కుంచె తగిలితే, ఆ నీరు రంగును నెట్టి గోబీపువ్వు లాంటి మరక చేస్తుంది. దిద్దబోతే బురదవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు కాగితం చూస్తుండగానే ఆరిపోతుంది కాబట్టి ఫ్యాను ఆపి, కాగితాన్ని రెండువైపులా తడపాలి. వానాకాలంలో ఈ తొందర ఉండదు.

ప్రాణుల రూపాలు వేయడానికి సంకోచించే కుటుంబాలకు ఈ విద్యలో లోటేమీ ఉండదు. చెరువు, తాటితోపు, మబ్బుల్లో మసకబారిన మినార్, తడిసిన వీధి ఒక జీవితానికి సరిపడా ఉన్నాయి.

ఆరాక ఈ రంగు ఒక మెట్టు లేతబడుతుంది. తడిగా ఉన్నప్పుడు సరిపోయిందనిపించిన నీలం తెల్లవారేసరికి వెలవెలబోతుంది. అందుకని మొదటే కొంచెం ముదురుగా కలుపుకొని, చిత్రాన్ని రాత్రంతా గోడకు ఆనించి, మరునాడు చూడడం మంచిది.