మొబైల్ ఫోనుతో మోర్స్ కోడ్ డీకోడింగ్

మోర్స్ కోడ్ శబ్దాన్ని మొబైల్ ఫోనులోని మైక్రోఫోను ద్వారా గ్రహించి, అక్షరాలుగా మార్చి తెరపై చూపే ప్రక్రియను మోర్స్ ధ్వని డీకోడింగ్ అంటారు. దీనికి ప్రత్యేక పరికరాలు అవసరం లేదు. ఫోనులో తగిన సాఫ్టువేరు ఉంటే చాలు. ఇందులో శబ్దాన్ని గుర్తించడం కొంత సులభం. ఏ శబ్దం చుక్క, ఏది గీత, ఏ నిశ్శబ్దం అక్షరానికి ముగింపు అన్నది నిర్ణయించడమే కష్టం.

నేపథ్యం

శామ్యూల్ మోర్స్ 1844 మే 24న వాషింగ్టన్ నుండి బాల్టిమోరుకు పంపిన టెలిగ్రాఫు సందేశం కాగితపు పట్టీపై గుర్తులుగా నమోదైంది. తరువాతి కాలంలో ఆపరేటర్లు పట్టీని చూడకుండా, యంత్రం చేసే టకటక శబ్దాన్ని విని సందేశాన్ని రాసుకోవడం నేర్చుకున్నారు. రేడియోలో ఈ శబ్దం 'బీప్' అని మోగే స్వరంగా మారింది. ఓడల భద్రత విషయంలో మోర్స్ స్థానాన్ని తీసుకున్న జి.ఎం.డి.ఎస్.ఎస్. వ్యవస్థ 1999 ఫిబ్రవరి 1 నాటికి పూర్తిగా అమలులోకి వచ్చింది. అమెచ్యూర్ రేడియో లైసెన్సుకు మోర్స్ పరీక్ష ఉండాలా వద్దా అనే నిర్ణయాన్ని 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సమావేశం ఆయా దేశాలకే వదిలివేసింది. అయినప్పటికీ హామ్ రేడియో ఔత్సాహికులు మోర్స్ కోడును నేటికీ వాడుతున్నారు. తక్కువ శక్తితో, ఇరుకైన పౌనఃపున్య పరిధిలో ఎక్కువ దూరం చేరగలగడం ఇందుకు ముఖ్య కారణం.

కాల నియమాలు

మోర్స్ కోడులో అన్ని కొలతలకూ చుక్క నిడివే ప్రమాణం.

* చుక్క - 1 ప్రమాణం
* గీత - 3 ప్రమాణాలు
* ఒకే అక్షరంలోని గుర్తుల మధ్య విరామం - 1 ప్రమాణం
* అక్షరాల మధ్య విరామం - 3 ప్రమాణాలు
* పదాల మధ్య విరామం - 7 ప్రమాణాలు

ఆంగ్లంలో 'పారిస్' అనే పదానికి, దాని తరువాతి విరామంతో కలిపి, 50 ప్రమాణాలు పడతాయి. అందువలన వేగాన్ని ఈ పదంతో కొలుస్తారు. 1200ను నిమిషానికి పంపే పదాల సంఖ్యతో భాగిస్తే చుక్క నిడివి మిల్లీసెకండ్లలో వస్తుంది. నిమిషానికి 12 పదాల వేగంలో చుక్క 100 మిల్లీసెకండ్లు, 20 పదాల వేగంలో 60 మిల్లీసెకండ్లు ఉంటుంది.

పనిచేసే విధానం

1. నమూనాలు: మైక్రోఫోను నుండి వచ్చే విద్యుత్ సంకేతాన్ని సాఫ్టువేరు సంఖ్యల రూపంలో తీసుకుంటుంది. ఉదాహరణకు, సెకనుకు 8,000 నమూనాలు.

2. స్వరాన్ని వేరుచేయడం: రేడియోలో వినిపించే మోర్స్ స్వరం సాధారణంగా 600 నుండి 800 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. ఒక ఎంపిక చేసిన పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో తక్కువ లెక్కలతో కనుగొనడానికి 1958లో వెలువడిన గోర్ట్‌జెల్ పద్ధతి ఉపయోగపడుతుంది. ఫోను మీటల స్వరాలను గుర్తించడానికీ ఈ పద్ధతినే వాడతారు. 80 నమూనాలను ఒక భాగంగా తీసుకుంటే అది 10 మిల్లీసెకండ్లకు సమానం. భాగం నిడివి పెంచితే పక్క స్వరాల నుండి అసలు స్వరాన్ని వేరుచేయడం సులభమవుతుంది కానీ కాలపు కొలతలో కచ్చితత్వం తగ్గుతుంది.

3. మోత, నిశ్శబ్దం: స్వరం బలం ఒక హద్దును దాటితే మోతగా, లేకపోతే నిశ్శబ్దంగా పరిగణిస్తారు. పరిసరాల రొదను బట్టి ఈ హద్దు మారుతూ ఉండాలి.

4. కొలత: 2 ప్రమాణాలకు తక్కువైన మోత చుక్క, ఎక్కువైనది గీత. విరామం 2 ప్రమాణాలు దాటితే అక్షరం ముగిసినట్లు, 5 దాటితే పదం ముగిసినట్లు.

5. పట్టిక: సేకరించిన గుర్తులను పట్టికతో పోల్చి అక్షరాన్ని చూపుతారు.

వేగాన్ని అంచనా వేయడం

పంపేవారి వేగం ముందుగా తెలియదు. అందువలన సాఫ్టువేరు కొన్ని మోతల నిడివులను పోల్చి, పొట్టివాటిని చుక్కలుగా, పొడుగువాటిని గీతలుగా విభజిస్తుంది. సందేశం మూడు గీతలు గల 'ఓ' అక్షరంతో మొదలైతే పోల్చడానికి చుక్కలే ఉండవు. అప్పుడు దానిని మూడు నిదానమైన చుక్కలుగా, అనగా 'ఎస్' అక్షరంగా పొరబడే అవకాశముంది. తొలి అక్షరాలు తరచుగా తప్పుగా రావడానికి ఇదొక కారణం.

పరిమితులు

* చేతితో పంపే మోర్స్‌లో విరామాలు సమానంగా ఉండవు. 'ఏ' (· –) అక్షరంలో విరామం కాస్త సాగితే అది 'ఈ', 'టి' అనే రెండు అక్షరాలుగా కనిపిస్తుంది.
* రొదలోని చిన్న చిన్న శబ్దాలు చుక్కలుగా నమోదై, తెరపై అర్థంలేని 'ఈ' అక్షరాలు వరుసగా వస్తాయి.
* ఫోనులోని రొద తగ్గింపు ఏర్పాటు మాటల కోసం ఉద్దేశించినది. నిలకడగా మోగే స్వరాన్ని అది రొదగా భావించి తగ్గించవచ్చు. 2016లో విడుదలైన ఆండ్రాయిడ్ 7.0లో, ఇటువంటి మార్పులు చేయని ధ్వనిని తీసుకునే సౌకర్యాన్ని చేర్చారు. అయితే అన్ని ఫోన్లూ దీనికి అనుకూలం కావు.
* ఆపద సంకేతమైన ఎస్.ఓ.ఎస్. (· · · – – – · · ·) మధ్యలో అక్షర విరామాలు ఉండవు. తొమ్మిది గుర్తులూ కలిపి ఒకే సంకేతం. పట్టికలో దీనిని ప్రత్యేకంగా చేర్చకపోతే, సరిగా పంపిన ఆపద సంకేతాన్నే సాఫ్టువేరు గుర్తించలేదు.
* అంతర్జాతీయ మోర్స్ ప్రమాణంలో తెలుగు అక్షరాలకు సంకేతాలు లేవు. తెలుగు మాటలను ఆంగ్ల లిపిలో పంపవలసి ఉంటుంది.

ఉపయోగం

అనుభవజ్ఞుడైన ఆపరేటరు చుక్కలను, గీతలను లెక్కించడు. అక్షరాలను, పదాలను వాటి లయను బట్టి గుర్తిస్తాడు. మధ్యలో అక్షరం లోపిస్తే సందర్భాన్ని బట్టి పూరించుకుంటాడు. అందువలన బలహీనమైన సంకేతాల విషయంలో శిక్షణ పొందిన చెవి సాధారణ డీకోడరు కంటే మెరుగుగా పనిచేస్తుంది. కంప్యూటరు పంపే స్పష్టమైన మోర్స్‌ను మాత్రం ఫోను చక్కగా చదవగలదు. నేర్చుకునేవారు తాము పంపే సంకేతాల్లో విరామాలు సరిగా ఉన్నాయో లేవో పరీక్షించుకోవడానికి ఇది బాగా ఉపకరిస్తుంది.

ఇవి కూడా చూడండి

* టెలిగ్రాఫు
* హామ్ రేడియో
* పౌనఃపున్యం