సరుకు జాడ తెలిపే ట్యాగు

హోసూరు నుంచి రాయకోట వెళ్ళే దారిలో ఉన్న ఉద్దనపల్లి చుట్టుపక్కల టమాటా, పూల సాగు నేటికీ కొనసాగుతున్నా, హోసూరులో అశోక్ లేలాండ్, టీవీఎస్ వంటి పెద్ద కర్మాగారాలు వెలిశాక ఈ ప్రాంతం వాహన విడిభాగాల తయారీకి కేంద్రంగా మారింది. తయారైన సరుకు ఎక్కడుంది, ఎంతుంది, ఎవరి చేతిలో ఉంది అన్న లెక్కను ఎప్పటికప్పుడు అందించే సాధనాలలో ఆర్‌ఎఫ్‌ఐడీ ముఖ్యమైనది.

రేడియో తరంగాల ద్వారా వస్తువును గుర్తుపట్టే ఈ పద్ధతిలో, సన్నని యాంటెన్నా, దానికి అతికించిన చిన్న చిప్పు కలిసి ట్యాగు అవుతాయి. రీడరు అనే యంత్రం తరంగాలను పంపినప్పుడు, బ్యాటరీ లేని ఆ ట్యాగు వాటి నుంచే కావలసిన శక్తిని గ్రహించి, తనలోని సంఖ్యను అదే తరంగం మీద తిప్పి పంపుతుంది. ఇలా తిరిగివచ్చే తరంగంతో సమాచారం పంపవచ్చని హ్యారీ స్టాక్‌మన్ 1948లోనే ఒక పరిశోధన పత్రంలో వివరించాడు. బార్‌కోడును ఒక్కొక్కటిగా, కంటికి కనబడేలా చూపిస్తే తప్ప చదవలేము. ట్యాగులనైతే అట్టపెట్టె తెరవకుండానే, కొన్ని మీటర్ల దూరం నుంచి, ఒకేసారి పదుల సంఖ్యలో చదవవచ్చు. కృష్ణగిరి టోల్‌గేటు దగ్గర లారీ అద్దం మీది ఫాస్టాగ్ పనిచేసేదీ ఈ సూత్రం మీదే.

అయితే ఈ ప్రాంతపు సరుకులో ఎక్కువ భాగం లోహం, లోహమేమో ఈ తరంగాలను చెదరగొడుతుంది. మామూలు ట్యాగును ఇనుప భాగానికి నేరుగా అతికిస్తే అది చాలావరకు మూగబోతుంది కనుక, మధ్యలో దళసరి పొర ఉన్న ప్రత్యేకమైన ట్యాగులు వాడవలసి వస్తుంది. వాటి ఖరీదూ ఎక్కువే.

ఈ సాంకేతికత విలువ బాగా తెలిసేది ఎగుమతి కంటైనరు దగ్గర. పూర్వం ఎక్సైజు అధికారి కర్మాగారానికి వచ్చి, తన కళ్ళెదుట సరుకు నింపించి సీలు వేసేవాడు. 2017 జూలై 1న జీఎస్టీ అమలులోకి వచ్చిన దరిమిలా, అనుమతి పొందిన ఎగుమతిదారే సీలు వేసుకునే ఏర్పాటు జరిగింది. తలుపు గడియలో బిగించే ఈ బోల్టు సీలులో ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్పు ఉంటుంది. ఒకసారి తెగితే మళ్ళీ అతకదు. సీలు సంఖ్య, సీలు వేసిన సమయం, కంటైనరు సంఖ్య, లారీ సంఖ్య, షిప్పింగ్ బిల్లు వివరాలు ఎగుమతిదారు నమోదు చేసి పంపితే, చెన్నై రేవులో కస్టమ్స్ వారు రీడరుతో సీలును చదివి సరిపోల్చుకుంటారు. సీలు చెక్కుచెదరకుండా ఉంటే సాధారణంగా పెట్టెలు విప్పే అవసరం రాదు. తెగి ఉంటే తనిఖీ తప్పదు. అధికారి రాక కోసం లారీని నిలబెట్టుకునే బాధ తప్పించిన ఈ మార్పు, చిన్న ఎగుమతిదారుకు నిజంగా మేలు చేసింది.

2016లో ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ రేవులో మొదలై దక్షిణాది రేవులకూ విస్తరించిన లాజిస్టిక్స్ డేటా బ్యాంకు, కంటైనర్లకు ట్యాగులు తగిలించి, దారిలోని రీడర్ల సాయంతో వాటి కదలికను సరుకు యజమానికి చూపుతోంది.

ఇంత చేసినా ట్యాగు చెప్పేది సంఖ్య మాత్రమే. ఆ సంఖ్య వెనుక రాసుకున్న లెక్క తప్పయితే, తప్పే వేగంగా చేరుతుంది. కాబట్టి ఉద్దనపల్లి పరిసరాల చిన్న కర్మాగారాల యజమానులు ముందు గోదాము రిజిస్టరును సరిచేసుకుని, విడి నట్లకూ బోల్టులకూ బార్‌కోడుతోనే సరిపెట్టుకుని, పెద్ద కంపెనీలకు వెళ్ళి తిరిగి రావలసిన ప్లాస్టిక్ డబ్బాలకూ ట్రాలీలకూ మొదటగా ట్యాగులు వేయించుకోవాలి.