మనసులో మాట పైకి చెప్పండి

అమ్మా! కాన్పుకీ కాన్పుకీ కనీసం 3 సంవత్సరాల ఎడం ఉంటే తల్లికీ, బిడ్డకీ మేలని మీకు తెలుసు. అయినా "మనవణ్ణి ఎప్పుడిస్తావే?" అని అత్తగారడిగితే తల వంచుకుని ఊరుకుంటారు. ఊరుకుంటే ఒప్పుకున్నట్లే అనుకుంటారు కదా!

ముందు మీ ఆయనకు తీరిక వేళ చెప్పండి: "ఏమండీ, పాప ఇంకా పాలు మానలేదు. నా ఒళ్ళు కోలుకోలేదు. కొన్నాళ్ళు ఆగుదాం. కాపర్-టి వేయించుకుంటాను. బిడ్డ కావాలనుకున్నప్పుడు తీయించుకోవచ్చు."

తరువాత ఇద్దరూ కలిసి అత్తగారితో అనండి: "అత్తయ్యా, వద్దనటం లేదు, ఆగుదామంటున్నాం."

కోపం వద్దు, దాపరికం వద్దు. మళ్ళీ అడిగితే అదే మాట నెమ్మదిగా మళ్ళీ చెప్పండి. సందేహముంటే దంపతులిద్దరూ ఆరోగ్య కేంద్రానికి రండి.