మెయిల్‌లో వచ్చిన ఫొటో ఆల్బమ్‌లోకి ఎలా చేరుతుంది?

తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం... చుట్టాలంతా ఫొటోలు మెయిల్ చేస్తే, ఒక్కొక్కటీ తీసి వెబ్ ఆల్బమ్‌లో పెట్టేదెవరు? స్క్రిప్ట్! అంటే పైథాన్ లాంటి భాషలో రాసిన ఆదేశాల వరుస. పది నిమిషాలకోసారి మెయిల్‌బాక్స్ తెరిచి కొత్త ఫొటోలు వెతకమని దానికి చెప్పొచ్చు.

అసలు తమాషా ఇక్కడే. ఈమెయిల్ పుట్టింది అక్షరాల కోసం. అందుకే ఫొటోలోని ప్రతి 3 బైట్లనూ 'బేస్64' పద్ధతిలో 4 అక్షరాలుగా మార్చి పంపుతారు. 9 ఎంబీల ఫొటో దారిలో 12 ఎంబీలు దాటేది అందుకే! స్క్రిప్ట్ ఆ అక్షరాలను మళ్లీ ఫొటోగా మార్చి, సైజు తగ్గించి, పేజీలో చేరుస్తుంది. మెయిల్ సబ్జెక్టే ఫొటో కింద పేరు.

ఫోన్ ఫొటోలో అది తీసిన చోటు వివరాలూ దాగి ఉండొచ్చు. ఆల్బమ్‌కెక్కించే ముందు వాటిని చెరిపేయమని స్క్రిప్ట్‌లో తప్పక రాయండి.